వేంపల్లెలో ఓ యాప్ పుట్టాలంటే...

కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు, బస్సు టికెట్టు, బ్యాంకు పని... అన్నీ అరచేతిలోనే. ఫోన్‌లో ఓ బొమ్మను తాకితే చాలు. ఆ బొమ్మ వెనకున్నదే యాప్. దాన్ని వాడటం ఇంటిల్లిపాదికీ వచ్చు. తయారుచేయడం మాత్రం ఏ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో అద్దాలమేడల్లో కూర్చున్నవాళ్లకే సాధ్యమని చాలామంది అనుకుంటారు. అదేం కాదు. ఓ కంప్యూటరు, ఓ ఫోను, కాసింత ఓపిక ఉంటే కడప జిల్లా వేంపల్లెలోనూ ఆ పని మొదలుపెట్టొచ్చు.

వేంపల్లె అనడానికి కారణం ఉంది. ఆ మండలంలోని ఇడుపులపాయలోనే ఆర్కే వ్యాలీ ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల్లో బాగా చదివే పిల్లలకు సాంకేతిక విద్య అందించాలని 2008లో ప్రారంభించిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తొలి మూడు ప్రాంగణాల్లో ఇదొకటి. మిగతా రెండూ నూజివీడు, బాసర. పదో తరగతి కాగానే చేర్చుకుని ఆరేళ్లు చదివిస్తారు. కంప్యూటర్ సైన్స్ కూడా ఇక్కడ ఓ బ్రాంచి. కాకతాళీయమే కానీ, ఆపిల్ సంస్థ తన యాప్ స్టోర్ తలుపులు తెరిచిందీ 2008లోనే. అప్పుడందులో ఉన్నవి 500 యాప్‌లు. ఇప్పుడు లెక్క లక్షల్లో!

మొదట కావలసింది... కాగితం

యాప్ అనగానే చాలామంది పిల్లలు నేరుగా కీబోర్డు ముందు కూర్చుంటారు. కానీ ఇంటికి ప్లాను ఎలాగో యాప్‌కి డిజైన్ అలాగ. ఎవరి కోసం, ఏ కష్టం తీర్చడానికి, ఎన్ని తెరల్లో... ఈ మూడింటికీ ముందు కాగితమ్మీద జవాబు రాసుకోవాలి.

ఉదాహరణకి, వేంపల్లె కుర్రాడొకరు చీనీ రైతుల కోసం యాప్ చేద్దామనుకున్నాడనుకుందాం. మార్కెట్‌లో టన్ను ధర, తోటలో కాసిన కాయ, చేతికొచ్చే డబ్బు... ఈ లెక్క చెబితే చాలు. చూడ్డానికి చిన్న పనే. అయితే తెరమీద పండు పేరేమని రాయాలి? ‘బత్తాయి’ అంటే కోస్తావాళ్లకి అర్థమవుతుంది. రాయలసీమ రైతుకి అది చీనీ. కోడ్ రాయడం ఎంత వచ్చినా ఈ తేడా తెలియకపోతే మొదటి తెరలోనే రైతు పరాయివాడైపోతాడు.

ఇంకో చిక్కు తూకంలో ఉంది. చీనీ మార్కెట్లో ‘సూటు’ పేరిట టన్నుకింత అని తరుగు తీయడం రైతులకు పాత బాధే. టన్ను 20,000 రూపాయల చొప్పున 7 టన్నులంటే 1,40,000 అని యాప్ చెబుతుంది. టన్నుకు 100 కిలోలు సూటు కింద పోయాయనుకుంటే చేతికొచ్చేది 1,26,000. తేడా 14,000! ఆ ఒక్క గడి పెట్టడం మరిచిన యాప్‌ని రైతు రెండోసారి తెరవడు. తోటలో నిలబడి నాలుగు మాటలు అడిగితే తెలిసే సంగతి ఇది.

మీటల సైజూ లెక్కే. వేలు సరిగ్గా తగలాలంటే మీట సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆండ్రాయిడ్ సూచన. ఎండలో కనిపించేలా అక్షరానికీ వెనక రంగుకీ బాగా తేడా ఉండాలి. ఒక తెరలో ఒకే ముఖ్యమైన పని ఉంటే ఇంకా మంచిది.

ఇక కట్టడం

ఆండ్రాయిడ్ ఫోన్ల కోసమైతే గూగుల్ ఇచ్చే ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం. కోట్లిన్ అనే భాష నేర్చుకోవాలి. ఐఫోన్ కోసమైతే స్విఫ్ట్ భాష, ఎక్స్‌కోడ్, దాన్ని నడపడానికి మ్యాక్ కంప్యూటరు కావాలి. ఒకసారి రాసి రెండింట్లోనూ నడపాలంటే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ లాంటివి ఉన్నాయి. ఇవేవీ తెలియని హైస్కూలు పిల్లలకు ఎంఐటీ యాప్ ఇన్వెంటర్ ఉంది. రంగురంగుల దిమ్మెల్ని ఒకదానికొకటి తగిలిస్తే యాప్ తయారవుతుంది. అదీ ఉచితమే.

ఖరీదైన కంప్యూటరు లేదని దిగులుపడక్కర్లేదు. తెరమీద నకిలీ ఫోన్‌ని నడిపే ఎమ్యులేటర్ కంప్యూటరుకి బరువే కానీ, ఇంట్లో ఉన్న ఫోన్‌నే తీగతో కలిపి యాప్‌ని అందులో నడిపి చూడొచ్చు. సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తాకితే అందుకు కావలసిన దారి తెరుచుకుంటుంది.

కట్టేటప్పుడే ఆలోచించాల్సింది సిగ్నల్ గురించి. కొండల పక్క పల్లెల్లో అది వస్తూ పోతూ ఉంటుంది. నెట్ లేనప్పుడు యాప్ తెల్లముఖం వేయకూడదు. చివరిసారి తెచ్చుకున్న ధరను ఫోన్‌లోనే దాచుకుని, అది ఏ రోజుదో పక్కనే చూపాలి. తేదీ లేకుండా పాత ధర చూపించడమంటే రైతును మోసం చేసినట్టే.

అడిగే అనుమతుల విషయంలోనూ అదుపుండాలి. చీనీ ధర చెప్పడానికి ఫోన్‌లోని పరిచయాలెందుకు, ఫొటోలెందుకు? వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో మన పార్లమెంటు చట్టం కూడా చేసింది. అక్కర్లేనిది అడగకపోవడమే అన్నిటికన్నా మంచి కాపలా.

ఒక్క అక్షరం... ఐఫోన్ హడల్!

అసలు పరీక్ష పరీక్షించడంలోనే. దాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు బాగా తెలియాలి. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఐఫోన్లు ఉన్నట్టుండి మొరాయించాయి. కారణం... మన ‘జ్ఞా’! ఆ అక్షరం ఓ ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే చాలు, యాప్‌లు మూతపడేవి. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే స్తంభించేది. జకారం, దానికింద ఞకారం, ఆపైన దీర్ఘం, మధ్యలో కంటికి కనిపించని ఓ గుర్తు... ఈ వరసను తెరమీద ఎలా గీయాలో అప్పటి ఐవోఎస్ 11.2.5కు తెలియలేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6ను విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. అంత పెద్ద సంస్థకే తప్పలేదంటే, తెలుగులో యాప్ చేసేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

అందుకే ఒత్తులు, దీర్ఘాలు, పొడవాటి ఊరిపేర్లు అన్నీ వేసి చూడాలి. ఇంగ్లిషులో చిన్న మాట తెలుగులో రెండింతలై మీట దాటిపోవచ్చు. టన్నుల గడిలో సున్నా కొడితే? ఖాళీగా వదిలేస్తే? అంకె బదులు అక్షరం పడితే? మధ్యలో ఫోన్ వస్తే? బ్యాటరీ అయిపోతే? పాత ఫోన్‌లో, చిన్న తెరమీద, అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దాయన చేతిలో ఎలా ఉంది? లెక్కల్ని యంత్రం చేతే పదేపదే సరిచూయించే పద్ధతులున్నాయి. యూనిట్ టెస్టింగ్ అంటే అదే. ఒకచోట మార్చినప్పుడు ఇంకోచోట చెడిందేమో అది పట్టిస్తుంది.

అది పట్టించలేనిది మనుషులు పట్టిస్తారు. అయిదుగురితో వాడించి చూస్తే చాలావరకు ఇబ్బందులు బయటపడతాయని వాడుక నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఫోన్ చేతికిచ్చి ‘ఈరోజు ధర చూడు మామా’ అనాలి. అంతే, ఇక నోరు మెదపకూడదు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ తప్పు తాకాడో రాసుకోవాలి. ‘అక్కడ కాదు, ఇక్కడ నొక్కు’ అని చెప్పాల్సి వచ్చిందంటే మార్చుకోవాల్సింది మామ కాదు, యాప్!

అంగట్లోకి వచ్చేముందు

గూగుల్ ప్లేలో ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. ఆపిల్‌కైతే ఏటా 99 డాలర్లు. 2023 నవంబరు తర్వాత గూగుల్‌లో వ్యక్తిగత ఖాతా తెరిచినవారికి ఇంకో నియమం ఉంది. యాప్‌ని అందరికీ విడుదల చేయాలంటే ముందు కొంతమందితో 14 రోజులపాటు ఆపకుండా పరీక్ష నడపాలి. మొదట 20 మంది అన్న గూగుల్ 2024 చివర్లో దాన్ని 12కి తగ్గించింది. పట్నంలో పన్నెండుమందిని పోగేయడం కష్టమేమో కానీ, పల్లెలో రచ్చబండ దగ్గరికెళితే ఒక పూటలో దొరుకుతారు. నిజంగా చీనీ పండించేవాళ్లే దొరుకుతారు.

విడుదలతో పని అయిపోదు. ఆండ్రాయిడ్ ఏటా మారుతుంది, ఫిర్యాదులు వస్తాయి, ధరలు ఇచ్చే చోటు మారుతుంది. ఎప్పటికప్పుడు సరిదిద్దాలి. అందుకే మొదటి యాప్ చిన్నదిగా ఉండటం మేలు. పాల లెక్క, డ్వాక్రా సంఘం పొదుపు, నీటి ట్యాంకరు వచ్చే వేళ... ఏదైనా సరే, సొంత వీధిలోని ఒక్క అవసరం చాలు. సెలవుల్లో పిల్లలు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారని విసుక్కునే అమ్మానాన్నలు ఈసారి ఆ అవసరమేంటో వాళ్లకు చెప్పి చూడండి. చేసుకొచ్చాక, మొదటి పరీక్ష మీ చేతులతోనే పెట్టండి.