పట్టేసిన బోల్టు

పచ్చడి సీసా మూత బిగుసుకుపోయింది. మీరేం చేస్తారు? సుత్తితో కొడతారా? కొట్టరు. కొడితే సీసా పగులుతుంది. పచ్చడి పోతుంది. వేడినీళ్ళలో తడిపిన గుడ్డ మూతకు చుడతారు. కాసేపు ఆగుతారు. అప్పుడు తిప్పుతారు. మూత వస్తుంది.

తుప్పు పట్టిన బోల్టును ఊడదీయడానికీ ఇదే ఓపిక కావాలి. ఎలాగో చూద్దాం.

పాత కారు, కొత్త కష్టం

విజయవాడకు పడమటి కొసన, కృష్ణ ఒడ్డున భవానీపురం ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. విజయవాడలో ఎన్నో పేటలు మునిగాయి. భవానీపురం వీధుల్లోకీ నీళ్ళొచ్చాయి. ఇళ్ళతోపాటు బళ్ళూ నీళ్ళలో నానాయి.

అక్కడ ఒక కుటుంబానికి పాత అంబాసిడర్ కారే ఆధారం. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పుతారు. ఈ రకం కార్లు 1950ల చివర్లో మొదలై, 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారయ్యాయి. ఇప్పుడు కొత్తవి రావడం లేదు. ఉన్నవాటినే కాపాడుకోవాలి.

వరద తగ్గాక ఇంజను బాగుచేయించారు. కారు కదిలింది. కానీ కొన్నాళ్ళకు కింద నుంచి బరబరా చప్పుడు మొదలైంది. లోపల పొగ వాసన వస్తోంది. పొగ గొట్టానికి తుప్పు పట్టి చిల్లు పడింది.

"నాలుగు రోజుల్లో పెళ్ళి కిరాయి ఉంది. అది అయ్యాక చూద్దాంలే" అన్నాడు భర్త.

"వద్దండీ. కారులో పసిపిల్లలుంటారు" అంది భార్య.

ఆమె మాటే నిజం. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. అది ఒంట్లోకి వెళితే తలనొప్పి వస్తుంది, కళ్ళు తిరుగుతాయి. ఎక్కువైతే ప్రాణం పోతుంది.

బలం పనిచేయలేదు

గొట్టం మార్చాలంటే దాన్ని పట్టి ఉంచే క్లాంపు విప్పాలి. క్లాంపుకు రెండు బోల్టులు. భర్త, మరిది పానా పట్టి లాగారు. ఒక నట్టు దగ్గర పానా జారింది. మరిది వేళ్ళు చెక్కుకుపోయి రక్తం కారింది. నట్టు మూలలు అరిగి గుండ్రమయ్యాయి.

అప్పుడు ఆమె పానా చేతిలోకి తీసుకుంది. ఆమె రాత్రి బడిలో చదువుకుంది. పానా మీద అంకె చదివింది.

"దీని మీద 13 అని ఉంది. ఈ పెట్టెలో ఇంకోటి ఉంది. ఒకటి కింద రెండు. అంటే అర కదా!"

"అర అంగుళమే వదినా. రెండూ ఒకటేగా?" అన్నాడు మరిది.

ఒకటి కాదు. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా నోరు అంతకంటే కొంచెం పెద్దది. ఆ కాస్త సందు చాలు, పానా జారుతుంది. పాత అంబాసిడర్ నట్లు అంగుళాల కొలతల్లో ఉంటాయి. తర్వాత వచ్చిన ఇంజన్లలో మిల్లీమీటర్ల కొలతలూ ఉన్నాయి. అందుకే తొడిగి చూసి, కదలకుండా కూర్చున్న పానానే వాడాలి.

బోల్టు ఎందుకు పట్టేస్తుంది?

ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. నానిన శనగలు ఉబ్బినట్టు, తుప్పు కూడా ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. బోల్టుకూ నట్టుకూ మధ్య ఉన్న సందును నింపేస్తుంది. పొగ గొట్టం రోజూ వేడెక్కి చల్లారుతుంది. అందుకే అక్కడ ఇంకా గట్టిగా పట్టేస్తుంది.

మేస్త్రి చెప్పిన దారి

సాయంత్రం ఒక ముసలి మేస్త్రి వచ్చాడు. ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు పనిచేసినవాడు.

"బాబాయ్ గారూ, ఇది ఈ రాత్రికి వస్తుందా?" అని అడిగింది ఆమె.

"రాత్రికి రాదమ్మా. రేపు పొద్దున తనే వస్తుంది" అన్నాడు మేస్త్రి. పని ఇలా చేయించాడు.

1. ఇంజను పూర్తిగా చల్లారనిచ్చారు. చక్రాలకు అడ్డు పెట్టారు. కారును జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపారు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి వెళ్ళకూడదు.

2. కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకారు.

3. నట్టు మొదట్లో డీజిలు చుక్కలు వేశారు. కిరసనాయిలైనా పనిచేస్తుంది. తుప్పు వదిలించే నూనె దుకాణాల్లోనూ దొరుకుతుంది. దగ్గర్లో బీడీ గానీ దీపం గానీ ఉండకూడదు.

4. సుత్తితో నట్టు పక్కన చిన్నగా తట్టారు. అదురుకు తుప్పు బీటలిస్తుంది. నూనె లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేశారు.

5. పొద్దున మళ్ళీ నూనె వేశారు. నట్టును చుట్టూ పట్టుకునే రింగు పానా తొడిగారు. మొదట కాస్త బిగించే వైపు కదిపారు. తర్వాత విప్పే వైపు తిప్పారు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు.

కిర్రుమంది. నట్టు కదిలింది! ఆ పానా పట్టింది ఆమే.

మూలలు అరిగిన రెండో నట్టు మాత్రం రాలేదు. దాన్ని ఇనుము కోసే రంపంతో కోసేశారు. "పానాకు పొడుగు గొట్టం తొడిగి లాగితే?" అన్నాడు మరిది. అలా చేస్తే బలం పెరిగే మాట నిజమే. కానీ సన్న బోల్టు పుటుక్కున తెగుతుంది.

కొత్త గొట్టానికి పాత బోల్టులు వాడలేదు. కొత్త బోల్టులకు ఇత్తడి నట్లు వేశారు. ఇత్తడి ఇనుములా తుప్పు పట్టదు. ముందు చేత్తో తిప్పి, చివర్లో పానాతో బిగించారు. ఇంజను నడిపి, పొగ ఎక్కడా కారడం లేదని చూసుకున్నారు. పెళ్ళి కిరాయికి కారు వెళ్ళింది.

గుర్తుంచుకోండి

నట్టుకు ఎదురుగా ఉండి చూడండి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఎదురు వైపు తిప్పితే వదులవుతుంది. సైకిలు ఎడమ పెడలు మాత్రం దీనికి తలకిందులు.

మూసిన షెడ్డులో ఇంజను నడపకండి.

చెప్పండి చూద్దాం

1. 13 పానా ఎందుకు జారింది?

2. నూనె వేశాక రాత్రంతా ఎందుకు ఆగారు?

3. మీ ఇంట్లో తుప్పు పట్టిన నట్టు ఎక్కడుంది? దానికి ఏ కొలత పానా సరిపోతుందో చూసి, పలక మీద రాయండి.