మీకు తెలుసా? రెంబ్రాంట్‌కు అద్దమే మోడల్

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ముఖంలో భావాలు పలికించడాన్ని అద్దం ముందు సాధన చేశాడు. 1630లో, పాతికేళ్లు కూడా నిండకముందే, నవ్వుతూ, నుదురు చిట్లించి కోపంగా, నోరు తెరిచి విస్తుపోతూ ఉన్న తన ముఖాన్నే రాగి రేకుల మీద సూదితో గీసి, ఆమ్లంతో గాట్లు తేల్చి, కాగితంపై అచ్చు తీశాడు. విస్తుపోయిన ముఖం ఉన్న అచ్చు ఎత్తు సుమారు 5 సెంటీమీటర్లే! విప్పారిన కళ్లు, విడివడ్డ పెదాలు, టోపీ కింద చెదిరిన జుట్టు అంత చిన్న చోటులోనే స్పష్టంగా కనిపిస్తాయి.

ఆయన శిష్యుడు సామ్యూల్ వాన్ హోగ్‌స్ట్రాటెన్ కూడా 1678 నాటి తన చిత్రకళా గ్రంథంలో ఇదే దారి చూపించాడు: భావం గీయాలంటే అద్దం ముందు నటుడూ తానే, ప్రేక్షకుడూ తానే కావాలి.

మీరూ ప్రయత్నించండి. ముందుగా కనుబొమలు, కనురెప్పలు, పెదవుల కొసలు ఎలా కదులుతున్నాయో గమనించండి.