పేరు చెప్పక్కర్లేదు... ప్రాణం నిలిపితే చాలు!

సాయంత్రమైతే చిక్కడపల్లిలో కాలు పెట్టే సందుండదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా జనం. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచీ సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచీ వచ్చే కుర్రాళ్లు. నారాయణగూడ వైపు పరుగులు తీసే బస్సులూ ఆటోలూ. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు - వీఎస్టీ స్టీలు వంతెన తెరిచారు. అయినా కింద రోడ్డు ఖాళీగా కనిపించేది తక్కువే. ఇలాంటి చోట ఎవరైనా బండి మీద నుంచి పడితే క్షణాల్లో జనం మూగుతారు. 'అయ్యో పాపం' అనేవాళ్లకు కొదవ లేదు. లేపి ఆసుపత్రికి తీసుకెళ్లడానికే వెనకాడతారు.

మనసు లేక కాదు... భయం! పోలీసులు నన్నే పట్టుకుంటారేమో, ఆసుపత్రిలో డబ్బు కట్టమంటారేమో, కోర్టు చుట్టూ తిప్పుతారేమో... ఒకప్పుడు ఆ భయాల్లో నిజముంది. ఇప్పుడు చట్టం వాటిని ఒక్కొక్కటిగా తీసేసింది. ఆ సంగతి తెలియాల్సింది మనకే.

పత్రికలో ఓ వార్త

స్కూటరు మీద వెళ్తున్న వ్యక్తిని కారు గుద్దింది. దారినపోయే ఒకాయన దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. 'ఇది పోలీసు కేసు, మేం చూడం' అంటూ 20 కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పత్రికలో వచ్చిన ఈ వార్తతో పరమానంద్ కటారా అనే హక్కుల కార్యకర్త సుప్రీంకోర్టుకెళ్లారు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా ముందు ప్రాణం కాపాడాలి, లాంఛనాలు తరవాతేనని 1989 ఆగస్టు 28న కోర్టు తేల్చిచెప్పింది.

డాక్టరు బాధ్యత తేలింది. మరి తీసుకొచ్చినవాళ్ల సంగతి? 2007లో ఢిల్లీలో స్కూలు నుంచి ఇంటికొస్తున్న ఓ కుర్రాడు ప్రమాదానికి గురై, సమయానికి సాయం అందక చనిపోయాడు. అతడి బంధువు పీయూష్ తివారీ 2008లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ ప్రారంభించారు. 2012లో ఆ సంస్థ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2015 మేలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని దేశమంతా పాటించాల్సిందేనని 2016 మార్చి 30న కోర్టు ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. 2020 సెప్టెంబరులో నియమాలూ వచ్చాయి.

ఇవీ మీ హక్కులు

* ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేశాక గాయపడినవారికి ఏమైనా అయితే మీ మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు.
* పేరు, చిరునామా చెప్పమని పోలీసులు గానీ మరెవరు గానీ బలవంతపెట్టకూడదు.
* క్షతగాత్రుడి బంధువైతే తప్ప, తీసుకొచ్చినవాళ్లను ఆసుపత్రి ఆపకూడదు, చేర్చుకోవడానికి డబ్బు అడగకూడదు.
* సాక్షిగా ఉండటం మీ ఇష్టం. ఒప్పుకుంటే మీ ఇంటి దగ్గరో, పనిచేసే చోటో, మీకు వీలైన వేళ ఒక్కసారే విచారించాలి. పోలీసు అధికారి మామూలు దుస్తుల్లోనే రావాలి.

ఆ గంటే ముఖ్యం

గాయపడ్డాక మొదటి గంటను చట్టమే 'గోల్డెన్ అవర్' అంది. సకాలంలో వైద్యం అందితే ప్రాణం దక్కే అవకాశం అప్పుడే ఎక్కువ. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కి ముందు ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. మెడకో, వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే, అక్కడే ఉంటే ప్రమాదమైతే తప్ప, కదిలించకండి. నీళ్లు తాగించొద్దు. చిక్కడపల్లి నుంచి ముషీరాబాద్ దాటితే గాంధీ ఆసుపత్రి. అంతకంటే దగ్గర్లో అత్యవసర వైద్యం దొరికితే అక్కడికే తీసుకెళ్లండి.

ఖర్చు గురించీ బెంగ అక్కర్లేదు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో క్షతగాత్రుడికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స అందుతుంది. తీవ్రంగా గాయపడినవారిని గోల్డెన్ అవర్‌లో ఆసుపత్రికి చేర్చినవారికి 'రాహ్‌వీర్' పథకం కింద 25,000 రూపాయల బహుమతి కూడా ఉంది. అది కావాలనుకుంటేనే వివరాలు ఇవ్వాలి.

ఈ హక్కుల పట్టికను ప్రతి ఆసుపత్రీ అందరికీ కనిపించేలా, స్థానిక భాషలోనూ పెట్టాలని నియమం. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు తెలుగు బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే... ఎందుకు లేదని అడగండి!