ఖాళీగా కనబడు నీరు – నీటివిమానములపై కేరళలో నడచిన వివాదము

2024 నవంబరు 9న విజయవాడలోని పున్నమి ఘాటు నుండి ఒక చిన్న విమానము కృష్ణానదీ జలములపై పరుగిడి, గాలిలోనికి లేచి, శ్రీశైల జలాశయమున దిగిన వార్త మన శ్రోతలలో పెక్కుమందికి తెలిసినదే. ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు అందులో ప్రయాణము చేసిరి. ఆ ప్రదర్శన ముగిసిన రెండు దినములకే, నవంబరు 11న, ఆ విమానము కేరళ రాష్ట్రమున కొచ్చి నగరపు బోల్గట్టి రేవు నుండి లేచి, మున్నారుకు చేరువనున్న మాట్టుపెట్టి జలాశయమున దిగినది. ఐతే కేరళలో దానికొరకు స్వాగతముతోపాటు పదకొండేండ్ల నాటి యొక వివాదము కూడ కాచుకొని యుండెను. ఆ వివాదమేమి, అందు ఎవరి మాట ఎంతవరకు న్యాయము అను విషయమును ఇచట వివరింప దలచితిమి. మన నదులపై కూడ ఇట్టి ప్రయత్నములు జరిగినవి గనుక ఇది పరాయి యింటి తగవని ఊరకుండ దగినది కాదు.

ముందుగా యంత్రమును గూర్చి రెండు మాటలు. నీటివిమానమునకు చక్రములుండవలసిన చోట రెండు పొడవైన బోలు దోనెలు అమర్చబడి యుండును. పడవ తేలినట్లే విమానమును వానిపై తేలును. ఆ దోనెలలో చక్రములు కూడ ఇమిడి యున్నచో అది నేలమీదను నీటిమీదను దిగగలదు. కేరళకు వచ్చిన ట్విన్ ఆటర్ అట్టి ఉభయచరమే. కెనడా దేశపు డి హావిలాండ్ సంస్థది. రెండు ఇంజనులు కలది. ఇరువదిమందికి లోపుగా ప్రయాణికులు పట్టుదురు. ఇది మన దేశమునకు బొత్తిగా క్రొత్త కాదు. 1930ల చివర ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి పడవ విమానములు రాజస్థానమునందలి రాజసమంద్ చెరువులోను, గ్వాలియరు వద్ద జలాశయములోను దిగుచుండెడివి. నేలమీద మంచి విమానాశ్రయములు వెలసిన పిదప వాని వాడుక తగ్గినది. మాల్దీవుల వంటి ద్వీపములలో మాత్రము నేటికిని నీటివిమానములే ముఖ్యమైన రవాణా సాధనములుగా నున్నవి.

వీనివలన లాభము సులభముగనే బోధపడును. కొచ్చి నుండి మున్నారుకు కొండదారిని మోటారులో సుమారు నాలుగు గంటలు పట్టును. విమానమున అరగంట చాలును. నేల సేకరింప నక్కరలేదు. రన్‌వే వేయ నక్కరలేదు. సుమారు ఒక కిలోమీటరు పొడవున రెండు మీటర్ల లోతు గల నీరును, ఒక తేలు వంతెనయు ఉన్నచో పని జరుగును.

నేల అక్కరలేదను ఈ సౌకర్యమునందే వివాదమునకు మూలము కలదు. విమానాశ్రయమునకై రైతు పొలమును తీసికొనవలసి వచ్చినచో నోటీసులుండును, విచారణ యుండును, పరిహారముండును. రైతు చేతిలో పట్టా కలదు. తరతరములుగా ఒక సరస్సున వల వేయువానికి ఆ నీటిపై వాడుక కలదే గాని కాగితము లేదు. కావున ఒడ్డున నిలిచి చూచువారికి నీరు ఖాళీగా కనబడును.

2013 జూన్ 2న కొల్లములోని అష్టముడి సరస్సున నాటి ముఖ్యమంత్రి శ్రీ ఊమెన్ చాండీ నీటివిమాన పథకమును ప్రారంభించిరి. విమానము అలప్పుజలోని పున్నమడ సరస్సున దిగవలెనని ఏర్పాటు. ఆ సరస్సున మత్స్యకారులు తమ పడవలతో వచ్చి అడ్డు నిలిచిరి. విమానము అచట దిగనే లేదు. నిత్యము నడువవలసిన ఆ సేవ అంతటితో నిలిచిపోయినది.

వారి అభ్యంతరమును అర్థము చేసికొనుటకు ఆ నీటి స్వభావము తెలియవలెను. నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసిన ఇట్టి సరస్సులను మలయాళమున కాయల్ అందురు. మన పులికాటును ఎరిగినవారికి ఈ కలయిక సులభముగా ఊహకు వచ్చును. పున్నమడ, వేంబనాడు అను పెద్ద కాయలులో ఒక భాగము. వేంబనాడు, అష్టముడి రెండును 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలుగా గుర్తింపు పొందినవి. గుంజలు పాతి వలలు కట్టువారు, చిన్న దోనెలపై తిరుగుచు వల విసరువారు, మునిగి గుల్లలు ఏరువారు ఆ నీటిపై ఆధారపడి యున్నారు. ఆ గుల్లల మాంసము ఆహారము. పైచిప్ప సున్నమునకు పనికివచ్చును. గుంజవలకు కాలనియమము కలదు. పోటు తీసి నీరు సముద్రమువైపు మరలు వేళనే అందు చేప పడును. ఆ వేళ పడవలను తొలగుమన్నచో ఆ పూట కూలి పోయినట్లే. విమానపు మ్రోతకు, అలలకు చేపలు బెదరి గ్రుడ్లు పెట్టు తావులను విడుచునను భయము, ఇంధనము నీట కలియునను భయము దీనికి తోడైనవి.

పథకమును సమర్థించినవారి సమాధానము కూడ వినదగినదే. నీటివిమానపు పంకాలు నీటిలో తిరుగవు, గాలిలో తిరుగును. కనుక మోటారు పడవ వలె అడుగున బురదను కలచవు. ఇంజను పొగ నీటిలోనికి పోదు. ఉభయచర విమానము ఇంధనమును నేలమీది విమానాశ్రయములోనే నింపుకొనవచ్చును. దిగుట, లేచుట కొద్ది నిమిషముల పని. అదే కాయలులో ఇదివరకే లెక్కకు మిక్కిలిగా ఇంటిపడవలు విహారయాత్రికులతో తిరుగుచున్నవి. వాని మురుగుతో పోల్చినచో విమానము చేయు చెరుపు స్వల్పమని వారి వాదము.

ఈ వాదమున సత్యము కలదు. ఐనను అందు ఒక లోపమును మేము చూచుచున్నాము. 1976లో పూర్తియైన తన్నీర్ముక్కము కట్ట ఉప్పునీటి రాకపోకలను అరికట్టినది. పిదప గుర్రపుడెక్క, ఇంటిపడవలు, గట్లు పూడ్చి కట్టిన కట్టడములు ఒకదానిపై నొకటి వచ్చినవి. ఇన్ని దెబ్బలు తిన్న సరస్సును గూర్చి ఈ యొక్క దెబ్బ చిన్నదనుట సమాధానము కాదు. అన్నింటితో కలిపి దీనిని తూచవలెను. అదియును గాక, మత్స్యకారుల ముఖ్యమైన నష్టము చమురు వలననో అలల వలననో కాదు. విమానము గంటకు నూరు కిలోమీటర్ల పరిసరమున నీటిపై పరుగిడునపుడు దాని దారిలో ఒక్క దోనెయైనను ఉండరాదు. అనగా కిలోమీటరు పొడవు నీరు ఆ వేళకు ఒకరిది కావలెను. ఆ తొలగింపునకు వేళ ఎవరు నిర్ణయింతురు, పోయిన పూటకు పరిహారమెవరిత్తురు అను ప్రశ్నలు నీటిని పరీక్షించు యంత్రములకు అందవు.

ఇక 2024 నాటి కథ. 2013లో మత్స్యకారుల పక్షమున నిలిచిన వామపక్ష కూటమియే ఇప్పుడు ప్రభుత్వమున నుండెను. పర్యాటక మంత్రి శ్రీ పి.ఎ. మహమ్మద్ రియాస్ జెండా ఊపి విమానమును పంపిరి. చేపలవేటకు భంగము కలుగకుండ కొండలలోని ఆనకట్టల జలాశయములనే వాడుదుమని ప్రభుత్వము నచ్చజెప్పినను, విమానము బయలుదేరినది కొచ్చి నీటినుండియే కావున మత్స్యకార సంఘములు అనుమానమును విడువలేదు.

జాలరులను తప్పించుకొనుటకు జలాశయమునకు పోగా, అచట అటవీశాఖ అడ్డు చెప్పినది. మాట్టుపెట్టి ఆనకట్ట 1950ల తొలినాళ్ళలో పూర్తియైనది. చుట్టును గడ్డి మైదానములు, షోలా అడవులు కలవు. ఆనముడి షోలా జాతీయవనము సమీపముననే కలదు. అడవి యేనుగులు గడ్డికి, నీటికి ఆ జలాశయపు టొడ్డులకు వచ్చును. నీటిని దాటి ఒక అడవినుండి మరియొక అడవికి పోవును. విమానపు హోరునకు అవి బెదరి ఊళ్ళపైకి మరలవచ్చునని, వన్యప్రాణి మండలి అనుమతి పొందవలెనని అటవీశాఖ వ్రాసినది. మానవుని చెవికి అందని మంద్రధ్వనులను సైతము ఏనుగులు వినగలవను సంగతి శాస్త్రజ్ఞులు నిరూపించినదే గనుక ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. ఆ జలాశయమున వేగపు పడవలు ఇదివరకే తిరుగుచున్నవి గదా యని సమర్థించువారు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్న. కాని దానికి సమాధానము ఏనుగుల రాకపోకలను ఏడాది పొడవున గమనించి చెప్పవలసినదే. ఒకనాటి ప్రదర్శనను చూచి చెప్పజాలము.

గుజరాతు అనుభవము కూడ మనకు పాఠము కాదగును. 2020 అక్టోబరు 31న అహమ్మదాబాదులోని సబర్మతి నుండి కేవడియాకు ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ నీటివిమాన సేవను ప్రారంభించిరి. కేవడియా వద్ద విమానము దిగవలసిన చెరువులో మొసళ్ళు ఉండుటచే 2019లోనే వానిని పట్టి వేరుచోట్లకు తరలింప మొదలిడిరి. ఆ సేవ 2021 ఏప్రిల్ నెలలో ఆగిపోయినది. సేవ నిలిచినను, మొసళ్ళను తరలించుట జరిగినదే. వ్యాపారము నిలుచునో నిలువదో తెలియకమునుపే ప్రాణులకు స్థానచలనము కలిగించుట ఎంతవరకు ఉచితమో ఆలోచింపవలసియున్నది.

ఈ మూడు చోట్లను చూడగా ఒక్క సంగతి స్పష్టమగుచున్నది. పున్నమడలో జాలరి, మాట్టుపెట్టిలో ఏనుగు, కేవడియాలో మొసలి – ఖాళీయని తలచిన ప్రతి నీటిలోను ముందే ఎవరో ఒకరు ఉండిరి. అంతమాత్రమున నీటివిమానమే వలదనుట సబబు కాదు. దూరపు ద్వీపములకు, వరదలో చిక్కిన ఊళ్ళకు అది ఎంతయో మేలు చేయగలదు. కాని 2006 నాటి పర్యావరణ ప్రకటన పట్టికలో విమానాశ్రయముల పేరున్నట్లుగా నీటి విమానరేవుల పేరు లేదు. కావున ప్రతి చోటను స్థానికులు అడిగి సాధించుకొనవలసిన కొన్ని నిబంధనలు కలవు. ప్రదర్శనకు ముందే అన్ని ఋతువులలోను ఆ నీటిని పరిశీలించుట, వల వేయు వేళలను విడిచి విమానపు వేళలను నిర్ణయించుట, నీటిమీద ఇంధనము నింపకుండుట, పక్షులు వలసవచ్చు శీతకాలమునను చేపలు గ్రుడ్లుపెట్టు కాలమునను ప్రయాణములను తగ్గించుట, కోల్పోయిన పూటకు వ్రాతపూర్వకముగా పరిహారము ఏర్పరచుట – ఇవి అసాధ్యములు కావు.

శ్రీశైల జలాశయపు టొడ్డున నాగార్జునసాగర్ – శ్రీశైలము పులుల అభయారణ్యము కలదు. నల్లమలలో చెంచులు కలరు. ఆ నీటిలోను, ప్రకాశం బ్యారేజి ఎగువను వలలు వేసి బ్రతుకు కుటుంబములు కలవు. విమానము లేచునపుడు ఘాటుమీద నిలిచి చప్పట్లు చరచుట సహజమే. ఆ నీటినే నమ్మి బ్రతుకువారిని ముందుగా కూర్చుండబెట్టి ఏ వేళ మీకు అనుకూలమని అడుగుట మనకు ఇంకను అలవాటు కావలసియున్నది. అట్లు అడుగకపోవుటచేతనే పున్నమడలో పడవలు అడ్డు నిలిచినవి.