గుండెలోని పంటబోదెలు

కృష్ణ పశ్చిమ డెల్టాలో సేద్యము చేయువారికి నీటిపారుదల మర్మము వేరుగా చెప్పనక్కర లేదు. పెద్దకాలువ నిండుగా పారుచున్నను, తూము దాటిన పిమ్మట బోదెలు పూడిపోయినచో చివరి చేలు ఎండును. లాకువద్ద నిలిచి చూచువానికి లోపమేమియు కానరాదు. గుండె విషయమును ఇట్టిదే.

గుండె కండకు రక్తము నందించు పెద్ద నాళములు దాని పైభాగమున నుండును. వానినుండి చీలి కండలోనికి పోవు సన్ననాళములు అర మిల్లీమీటరుకంటె తక్కువ వెడల్పు గలవి. ఆంజియోగ్రామ్ అను పరీక్షలో పెద్దవి స్పష్టముగా కనబడును, సన్ననివి కనబడవు. అందుచే "నాళములు బాగున్నవి" అని విన్న రోగులు, ముఖ్యముగా స్త్రీలు, తమ ఛాతినొప్పి వాయువనియో, దిగులనియో తలచి ఊరకుందురు. ఇది ప్రమాదము.

రక్తపుపోటు, మధుమేహము, పొగాకు, స్థూలకాయము - వీనివలన సన్ననాళముల గోడలు దళసరియై, పనివేళ విప్పారవు. చాలినంత రక్తమందక గుండె కండ బిరుసెక్కును. బిరుసైన గుండె సరిగా నిండదు. అప్పుడు ఊపిరితిత్తులలోను, కాళ్లలోను నీరు చేరును. దీనినే హృదయవైఫల్యమందురు, గుండె ఆగిపోవుట యని అర్థము కాదు. 2018లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, గుండె ముడుచుకొను బలము తగ్గకయే ఈ వ్యాధి కలిగిన 202 మందిని పరీక్షింపగా, నూటికి 75 మందిలో సన్ననాళముల లోపము కానవచ్చెను.

ఇది పట్టణవాసుల వ్యాధి యనుకొనరాదు. గోదావరి జిల్లాలలోని 45 గ్రామములందు 2003-04లో సంభవించిన మరణములను విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళ వ్యాధులవలననే కలిగినట్లు తేలెను.

నడచినప్పుడు ఆయాసము, పడుకొన్నచో ఊపిరాడకుండుట, చీలమండలు వాచి వ్రేలితో నొక్కిన గుంటపడుట, కొలది దినములలోనే బరువు హెచ్చుట - ఇవి కనబడిన వెంటనే వైద్యునికి చెప్పవలయును. ఆంజియోగ్రామ్ బాగున్నను నొప్పి తగ్గకున్నచో, "సన్ననాళముల లోపమేమైన నున్నదా?" యని అడుగుడు. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదు. ఆవకాయ, అప్పడము, ఎండుచేప ఈ లెక్కలోనివే. చుట్ట మానవలయును. ఒంట్లో నెమ్మదించినదని రక్తపుపోటు మందులు మీయంతట మీరు మానరాదు. ఛాతినొప్పి విడువకున్నచో తడయక 108కు ఫోను చేయుడు.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల సంఘములవారు సర్వసభ్య సమావేశ దినమున సభ్యులకును, వారి యిండ్లలోని స్త్రీలకును రక్తపుపోటు, చక్కెర పరీక్షింపించు ఏర్పాటు చేయుట మిక్కిలి మేలు.