రేంజ్‌ఫైండరు కెమేరాకు విశాలకోణ కటకము

కెమేరా కొనుట యొక యెత్తు, దానికి తగిన కటకము నెన్నుకొనుట యొక యెత్తు. "గది ఇరుకు, గుడి మండపము ఇరుకు, పెండ్లిపందిరి ఇరుకు, అందరును ఒకే ఫోటోలో పట్టునట్టి లెన్సు ఏది?" అని మిత్రులు మమ్ము తరచుగా అడుగుచుందురు. ప్రశ్న సహజమైనదే. కాని ఆ ప్రశ్నతోనే అంగడికి పోయినవారు, ఎంత ఎక్కువ వెడల్పు చూపినచో కటకము అంత మేలైనదని తలచి, చాల సొమ్ము వెచ్చించి, నాలుగు నెలలు తిరుగకముందే దానిని బీరువాలో పెట్టుచున్నారు.

మా రేడియో వృత్తినుండి ఒక పోలిక చెప్పెదము. మైకు ఎంత మంచిదైనను, మాట్లాడువానికి పదియడుగుల దూరమున నుంచినచో అతని కంఠముతోపాటు ఫంకా చప్పుడు, వీధికుక్క అరుపు, గోడల ప్రతిధ్వని అన్నియు సమానముగా వినవచ్చును. అదే మైకును జానెడు దూరమునకు తెచ్చినచో మనిషి ముందునకు వచ్చును. తక్కినవి అతని వెనుక సర్దుకొనును. విశాలకోణ కటకము నడవడియు నిట్టిదే. దూరమునుండి వాడినచో అన్నియు చిన్నవగును. దగ్గరకు పోయి వాడినచో మనిషియు, అతని చుట్టునున్న లోకమును కలిసి కనబడును. ఈ యొక్క మాటను మనసున నుంచుకొని తక్కిన విషయములు చూతము.

రేంజ్‌ఫైండరు కెమేరా యనగా నేమి? ఇతర కెమేరాలలో పెక్కింటియందు మనము కటకము చూచినదానినే చూచెదము. ఇందులో అట్లు కాదు. కటకమునకు పైభాగమున, ఒక ప్రక్కగా, చిన్న కిటికీ యుండును. దాని గుండ చూచినప్పుడు నడుమ ఒక వస్తువే రెండుగా కనబడును. కటకముపై నున్న ఉంగరమును త్రిప్పగా ఆ రెండు ప్రతిబింబములును ఒకటియగును; అప్పుడు దూరము సరిపడినదని యర్థము. జర్మనీయందు 1925లో లైకా కెమేరా అంగడికి వచ్చెను. 1954లో వచ్చిన లైకా ఎం3తో నేటి ఎం వరుస మొదలైనది. ఫిలిముకు బదులు సెన్సరు గల తొలి రేంజ్‌ఫైండరు 2004లో జపానుకు చెందిన ఎప్సన్ సంస్థ తెచ్చిన ఆర్-డి1. తరువాత 2006లో లైకా ఎం8, 2009లో ఎం9, 2022లో ఎం11 వచ్చినవి. క్రొత్తవాని వెల లక్షలలో నుండుటచే మనవైపు పెక్కుమంది వాడినవానినే కొనుచున్నారు. అందుచేత పాతవాని గుణదోషములును తెలిసియుండవలెను.

మొదట చూడవలసినది సెన్సరు కొలత. కటకముపై వ్రాసియుండు 28, 35 వంటి అంకెలు దాని నాభ్యంతరమును మిల్లీమీటర్లలో తెలుపును. అంకె తగ్గినకొలది చూపు వెడల్పగును. కాని ఆ వెడల్పు కటకముపైననే ఆధారపడదు. వెనుకనున్న సెన్సరు ఎంత పెద్దదో దానిపైనను ఆధారపడును. ఎం9, ఎం11 కెమేరాలలో సెన్సరు పాత ఫిలిము చట్రమంత, అనగా 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు గలది. ఎం8లో అది 27కు 18 మాత్రమే. పదియడుగుల దూరమున నిలిచినప్పుడు పెద్ద సెన్సరుపై 50 మి.మీ. కటకము సుమారు 7 అడుగుల వెడల్పును చూపును. 35 పదియడుగులకు కొంచె మెక్కువ. 28 సుమారు 13 అడుగులు. 21 ఏకముగా 17 అడుగులు. అదే 28ని ఎం8కు తగిలించినచో తొమ్మిదిన్నర అడుగులే కనబడును. ఎం8పై 13 అడుగులు కావలెనన్నచో 21 తగిలింపవలెను. "మా అన్న కెమేరాకు 28 చక్కగా నున్నది, నాకు చాలుటలేదు" అనువారి చిక్కు ఇక్కడనే యున్నది.

రెండవది చూచు కిటికీ. అందులో తెల్లని గీతలు చట్రమువలె కనబడి, ఏ కటకమునకు ఎంతవరకు ఫోటోలో పడునో తెలుపును. ఎం9, ఎం11లలో ఈ గీతలు 28తో ఆగిపోవును. అంతకన్న వెడల్పైనదానికి కెమేరా నెత్తిపై వేరొక చిన్న చూపుగాజును అమర్చుకొనవలెను. దూరము ఒక కిటికీలో సరిచూచి, చట్రము ఇంకొక గాజులో చూడవలెను. ఎం8లో గీతలు 24తో ఆగును. 2013 నుండి వచ్చిన కొన్ని ఎం కెమేరాలలో వెనుకనున్న తెరపై కటకపు చూపును నేరుగా చూడవచ్చును గాని, ఎండలో ఆ తెర సరిగా కనబడదు. 28 గీతలు కిటికీ అంచులను తాకుచుండును గనుక కళ్ళజోడు ధరించువారికి నాలుగు మూలలును ఒక్కమారు కనబడవు. అట్టివారు 35ను ఎన్నుకొనుట మేలు.

మూడవది కొంత లోతైన విషయము. ఈ విషయము మన పాలమూరు, నల్లగొండ రైతులకు చెప్పిన వెంటనే తెలియును. మోటబావిలో నడిపొద్దున సూర్యకిరణము నీటివరకు దిగును. ఉదయమున ఏటవాలుగా పడిన కిరణము బావి గోడకు తగిలి ఆగిపోవును, అడుగున చీకటియే. సెన్సరుపై లక్షలకొలది అతి చిన్న బావులవంటి గుంటలు కలవు. పాత విశాలకోణ కటకములలో వెనుకగాజు ఫిలిమునకు చాల దగ్గరగా నుండెడిది. అంచులకు కిరణములు మిక్కిలి ఏటవాలుగా పడెడివి. ఫిలిము దానిని సహించెను. సెన్సరు సహింపదు. అంచులు నల్లబడును, ఒక్కొక్కప్పుడు ఒక ప్రక్క ఎఱ్ఱనిఛాయ తిరుగును. తయారీదారులు సెన్సరు అంచులయందు సూక్ష్మకటకములను ప్రక్కకు జరిపియు, కెమేరాలోని లెక్కలచే రంగును సరిదిద్దియు కొంత కుదిర్చిరి. కటకములను క్రొత్తగా గీయించినవారును కలరు. జపానులోని కొసీనా సంస్థ ఫోక్ట్‌లెండర్ పేరుతో చేయు 15 మి.మీ. కటకమును 2015లో డిజిటలు కెమేరాలకు అనువుగా తిరిగి రూపొందించెను. కావున ఏబదియేండ్లనాటి కటకము చవుకగా దొరికినదని కొనుటకు ముందు, మీ కెమేరాకే తగిలించి తెల్లగోడను ఫోటో తీసి చూడుడు. అంచుల రంగు గోడపై దాగదు.

ఎం8 కొనువారికి మరియొక హెచ్చరిక. దాని సెన్సరు ముందున్న గాజు పలుచనిది. కంటికి కనబడని పరారుణ కిరణములను పూర్తిగా నాపలేదు. నల్లని కృత్రిమపు బట్ట ఊదారంగుగా పడును. దీనికి కటకము ముందు ప్రత్యేకమైన వడపోతగాజు బిగింపవలెను. ఆ గాజు విశాలకోణ కటకములపై మూలలకు నీలియాకుపచ్చ ఛాయ నిచ్చును గనుక కెమేరాకు కటకమును గుర్తించు సంకేతముకూడ కావలెను. వస్త్రములను ఫోటో తీయదలచినవారు దీనిని మరువరాదు.

ఇక కటకమును మన నేలపైకి తీసికొనిపోవుదము. మహబూబ్‌నగరు పట్టణమునకు చేరువనున్న పిల్లలమర్రి సుమారు మూడెకరముల మేర ఊడలు దింపి విస్తరించిన వృక్షము. 2018లో చెదలు పట్టిన కొమ్మలకు సెలైను ఎక్కించునట్లు సీసాలతో మందెక్కించి దానిని కాపాడిరి. అట్టి మఱ్ఱిని చూడగానే ఎవరికైనను 21 తగిలించి, వెనుకకు వెనుకకు నడచి, మొత్తము పట్టింపవలెనని తోచును. పట్టును; కాని ఫోటోలో అది చేనిగట్టుమీది పొదవలె నుండును. 28తో ఒక ఊడకు నాలుగడుగుల దూరమున నిలిచినచో ఆ ఊడ ముందు నిలిచి, వెనుక నూరు ఊడలు వరుసదీరి, చెట్టు ఎంతదో చూపరికి తెలియును.

నల్లగొండ చెంత పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయము కలదు. కందూరు చోడుల కాలపు త్రికూటము; ఒకే మండపమునకు మూడు గర్భాలయములు. ఒక గర్భాలయమున లింగము వెనుకగోడపై స్తంభమువంటి నీడ పగలంతయు నిలిచియుండును. ముందున్న స్తంభముల అమరికయు, పలుదిక్కులనుండి వచ్చు వెలుగును కలిసి ఆ నీడను కల్పించుచున్నవని భౌతికశాస్త్రము తెలిసినవారు వివరించిరి. అచ్చట వెనుకకు జరుగుటకు చోటులేదు, వెలుగును తక్కువ. ఇట్టిచోట 28యో 21యో నిజముగా అవసరము. ఎఫ్/2 వరకు తెరచుకొనునదైనచో మఱియు మేలు. అర్చకుల యనుమతి గైకొని, కెమేరాను మట్టముగా పట్టుకొనుడు. పైకెత్తినచో స్తంభములన్నియు వెనుకకు పడిపోవుచున్నట్లు తోచును.

బయటి ఎండలో ఇంత ద్వారము అవసరము లేదు. ద్వారమును ఎఫ్/8కు తగ్గించి, 28 కటకమును సుమారు మూడుమీటర్ల దూరమునకు నిలిపినచో, ఒకటిన్నర మీటర్లనుండి దిగంతమువరకు సామాన్యమైన కొలతలో స్పష్టముగా పడును. జాతరలోను అంగడివీధిలోను ఉంగరము త్రిప్పు పనియే యుండదు.

ఇక మేము చేసిన తప్పొకటి చెప్పవలెను. చేనేతపై ప్రసంగములను రికార్డు చేయుటకు పోచంపల్లి పోయితిమి. గుంటమగ్గము గదిలో సగము నాక్రమించెను; మగ్గమునొద్ద ఆయన, గోడవార ఆసు పోయుచు వృద్ధురాలైన ఆయన తల్లి. ఇద్దరును పట్టవలెనని 21 తగిలించితిమి. ఇద్దరును పట్టిరి. తరువాత ఫోటో అచ్చువేయించి తీసికొనిపోయి చూపగా కుమారుడు సంతోషించెను. ఆమె మాత్రము చాలసేపు చూచి, "గివి నా చేతులేనా బిడ్డా? నలభై ఏండ్లు ఆసు పోసినా గింత పొడుగు కాలేదు" అనెను. ఇంటిలోనివారందరును నవ్విరి. మేమును నవ్వితిమి గాని ఆ ఫోటోను ప్రకటింపలేదు. ఇంకొకమారు పోయి, 28తో, ఆమెను నడుమ నుంచి తీసితిమి. మగ్గము సగమే పడెను. చేతులు మాత్రము ఆమెవే.

ఆ చేతులు ఏల సాగినవి? సరళరేఖలను సరళరేఖలుగా నిలుపు ప్రతి విశాలకోణ కటకమును అంచులనున్న గుండ్రని వస్తువులను వెలుపలివైపునకు సాగదీయును. ఎడమ కుడి అంచులయందు 35 కటకము తలను నూటికి సుమారు 12 పాళ్లు, 28 కటకము 19 పాళ్లు, 21 కటకము 32 పాళ్లు సాగదీయునని లెక్క. ఇది నాసిరకపు గాజు దోషము కాదు. ఎంత వెల యిచ్చినను తొలగదు. దీనికి తోడు దగ్గరతనపు ప్రభావ మొకటి. కెమేరాకు రెండడుగుల దూరమున చేయి, నాలుగడుగుల దూరమున ముఖమున్నచో చేయి రెండింతలుగా పడును.

పోచంపల్లిలో నవ్వుతో పోయినది వేరొకచోట నవ్వుతో పోదు. మునుగోడు, మఱ్ఱిగూడ ప్రాంతములలో ఫ్లోరైడు మెండుగానున్న నీటిని త్రాగి ఎముకలు వంగినవారి ఫోటోలు ఏండ్ల తరబడి పత్రికలకును, వినతిపత్రములతో అధికారుల బల్లలపైకిని పోయినవి. అవి సాక్ష్యములు. వంగిన కాలిని 21తో అంచున పట్టి మరింత వంచి చూపినవాడు ఆ మనిషికి మేలు చేసితినని తలచవచ్చును. కాని "ఇది కెమేరా మాయ" అని ఎవడైన నొక్కమారు అనగలిగినచో, అబద్ధము లేని తక్కిన నూరు ఫోటోలపైనను అనుమానము పడును. అట్టివారిని తీయునప్పుడు 35 చాలును. వారిని నడుమ నుంచి, కంటికి సమానమైన ఎత్తున, ఆరేడడుగుల దూరమున నిలువవలెను.

కావున మా సలహా యిది. పెద్ద సెన్సరు గలవారికి మొదటి విశాలకోణ కటకము 28. కళ్ళజోడు గలవారికిని, మనుషులనే ఎక్కువగా తీయువారికిని 35. ఎం8 గలవారికి వేరొక చూపుగాజుతో 21, లేదా కిటికీ గీతలకు లోబడిన 24. పెద్ద సెన్సరుపై 21 రెండవ కటకముగా, కట్టడములకొరకు మాత్రమే. ఎఫ్/1.4 కటకములు బరువైనవి, వెల హెచ్చు, పైగా కిటికీ మూలకు అడ్డువచ్చును. ఎఫ్/2 మన యిండ్ల చీకటికి చాలును.

సొమ్ము వెచ్చించుటకు ముందు ఇంటిలోనే ఒక పరీక్ష చేయవచ్చును. అట్టముక్కలో 18 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పున కిటికీ కోయుడు. ఒక కన్ను మూసి, దానిని కంటికి 14 సెంటీమీటర్ల దూరమున పట్టుకొన్నచో పెద్ద సెన్సరుపై 28 కటకము చూపునంతయే కనబడును. పదిహేడున్నర దూరమున 35. పదిన్నర దూరమున 21. ఎం8 గలవారు కిటికీని పదమూడున్నరకు తొమ్మిదిగా కోయవలెను. ఆ అట్టతో ఒక ఆదివారము మీ యింటి వంటగదిలో, వరండాలో, ఊరి గుడిలో తిరుగుడు. ఎచ్చట నిలువవలెనో ముందు కాళ్ళు చెప్పును. ఆ తరువాతనే అంగడికి పోవచ్చును.