అద్దం వెనుక రంగుచేపలు

మా కుందుర్పి వైపు చేప అంటే చెరువు నిండిన ఏడాది సంతలో కనబడేదే. చెరువు నిండడం ఇక్కడ చాలామంది పిల్లలకు గుర్తు కూడా లేదు. అలాంటి పల్లెల నుండి సండేస్కూలు పిల్లలను, కొందరు తల్లులను వెంటబెట్టుకొని బెంగళూరు మీదుగా రైలులో చెన్నై వెళ్లాము. అక్కడ ఇంజంబాక్కంలో 2019లో ప్రారంభమైన వీజీపీ మెరైన్ కింగ్‌డమ్ చూశాము. అద్దాల వెనుక చేపలను చూపడం ఆ పట్టణానికి కొత్త కాదు. మెరీనా ఒడ్డున 1909లోనే ఒక అక్వేరియం తెరిచారు, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అది మూతబడింది.

అద్దాల సొరంగంలో తలపైన చేపలు ఈదుతుంటే, ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఇంటి పిల్లవాడొకడు, “అయ్యగారూ, ఇన్ని నీళ్లూ చేపలకేనా?” అని అడిగాడు. సముద్రపు చేపలకు కావలసింది తాగే నీరు కాదనీ, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న నీరనీ చెప్పాము. వాడికి సగమే నమ్మకం కలిగింది.

పిల్లలకు బాగా నచ్చింది తెల్ల పట్టీల నారింజ రంగు క్లౌన్ చేప. పువ్వులా ఊగే సీ ఎనిమోన్ అనే జంతువు వేళ్లు ఇతర చేపలను కుట్టి చంపుతాయి. క్లౌన్ చేప ఒంటి జిగురు దానిని కాపాడుతుంది గనుక అది వాటి మధ్యే కాపురముంటుంది. ఇంకొక చిన్న చేప ఉంది. అది పెద్ద చేపల నోటిలోకే దూరి పురుగులను ఏరి తింటుంది, పెద్ద చేప దానిని మింగదు!

ఇవన్నీ పగడపు దిబ్బల కాపురస్థులు. పగడం రాయి కాదు, చిన్న చిన్న జంతువుల సమూహం. కృష్ణా గోదావరులు తెచ్చే బురదనీటిలో అది బ్రతకదు గనుక మన కోస్తాలో అలాంటి దిబ్బలు లేవు. లక్షద్వీపాలలో, అండమాన్‌లో, మన్నార్ సింధుశాఖలో ఉన్నాయి. నీరు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం తెల్లబడిపోతుంది. 1998లో లక్షద్వీపాలలో అదే జరిగి చాలా పగడం చచ్చిపోయింది.

ఇక మా తప్పు చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో పిల్లల పోరు పడలేక రెండు క్లౌన్ చేపలు కొన్నాము. ఉప్పు కలిపితే చాలునన్నాడు అమ్మినవాడు. బోరునీళ్లలో వంట ఉప్పు కలిపాము. తెల్లవారేసరికి రెండూ తేలిపోయాయి. అప్పటికే పిల్లలు వాటికి పేర్లు పెట్టుకొన్నారు. గోల్డ్ ఫిష్ తొట్లలో పెంచినది. పగడపు చేపలలో ఎక్కువ భాగం సముద్రంలో పట్టి తెచ్చినవే, కొన్ని దేశాలలో సయనైడ్ చల్లి మరీ పడతారు. ఈ సంగతులు మాకు తరువాత తెలిశాయి.

అందుచేత మీ పిల్లలు అడిగితే అక్వేరియానికి తీసుకువెళ్లండి, కొనవద్దు. అద్దం మీద తట్టనివ్వకండి. సెలవు రోజైతే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి చిన్నవాళ్లకు పెద్దల వీపులే కనబడతాయి. ఈసారి శెనక్కాయ పంట చేతికొస్తే, మిగిలిన పిల్లలనూ తీసుకువెళ్లాలని సంఘ పెద్దలు అప్పుడే ఛార్జీల లెక్క వేస్తున్నారు.